తోలు చిరిగితే మార్చొచ్చు

“అన్నా, నాది జర పెంచు.”

“ఇంకెంత పెంచాలె తమ్మీ? నిరుటికంటె రెండు గీతలు ఎక్కువనే పెట్టిన.”

ఈ మాటలు యాదగిరిగుట్టలో ఏ పెళ్లి హాల్లోనైనా వినిపిస్తాయి, హైదరాబాద్‌లో పాటలు రికార్డు చేసే ఏ గదిలోనైనా వినిపిస్తాయి. అడిగేది పాడేవాళ్లో వాయించేవాళ్లో. జవాబు మిక్సర్ ముందు కూర్చున్న సౌండాయనది. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. గీత నిరుడు ఎక్కడుందో సౌండాయనకు గుర్తుంది. నిరుడు చాలిన చప్పుడు ఈ ఏడు చాలడం లేదని కళాకారుడికి తెలుస్తోంది. మైకు అదే, వైరు అదే, స్పీకర్ అదే. మారిందల్లా కళాకారుడి చెవి. ఆ రెండు గీతలు ఎటు పోయాయో వెతకడమే ఈ అధ్యాయం పని.

ఒక కళాకారుడు, ఒక రోజు

ఈ వెతుకులాట కోసం ఒక మనిషిని ఊహించుకుందాం. ముప్పయ్యేళ్లుంటాయి. ఇల్లు గుట్టకు దగ్గర్లోని ఒక ఊళ్లో. తాత డప్పు కొట్టాడు, తండ్రి డప్పు కొట్టాడు. ఇతను డప్పుతో పాటు ప్యాడ్స్ కూడా వాయిస్తాడు, గొంతుంది కాబట్టి పాడతాడు. మాఘం నుంచి వైశాఖం దాకా పెళ్లిళ్లు, ఆషాఢంలో బోనాలు, భాద్రపదంలో వినాయకుడు, ఆ తర్వాత బతుకమ్మ. రెండేళ్లకోసారి సూర్యాపేట దగ్గర పెద్దగట్టు లింగమంతుల జాతర. నడుమ చావు పిలుపులు ఎప్పుడూ ఉండేవే. యూట్యూబ్ వచ్చాక ఇంకో పని తోడైంది. అది జానపద పాటల రికార్డింగ్.

అతని ఒక రోజు ఇలా ఉంటుంది. సాయంత్రం ఏడు నుంచి పది దాకా పెళ్లి బరాత్. వెనక డీజే బండి, పక్కన మరో నలుగురు డప్పులవాళ్లు. తెల్లారగానే బస్సెక్కితే అరవై కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్. అక్కడొక చిన్న గది, గోడలకు ఫోమ్, తలకు హెడ్‌ఫోన్లు. తీసిన టేకు మళ్లీ తీస్తూ రెండు గంటల పని. పొద్దుగూకే వేళకు మళ్లీ గుట్ట.

ఈ ఒక్క రోజులో అతని చెవి మోసిన బరువెంత? తూకం వేసే ముందు చెవిని విప్పి చూడాలి.

చెవిలో ఒక మేళం

చెవి విప్పితే చిన్న సైజు మేళం కనిపిస్తుంది. ముందు నిలబడేది పిల్లనగ్రోవి. చెవి రంధ్రం దాదాపు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం, ఒక చివర తెరిచి ఉంటుంది, రెండో చివర మూసి ఉంటుంది. ఇలాంటి గొట్టం తన పొడవుకు నాలుగు రెట్లున్న అలకు మేలుకుని మోగుతుంది. అంటే పది సెంటీమీటర్ల అల. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి ఆ అల సెకనుకు 3,400 సార్లు ఊగుతుంది. ఖాళీ సీసా మూతి దగ్గర ఊదితే ఒకే స్వరం పలికినట్టు, మన చెవి గొట్టం మూడు నాలుగు వేల హెర్ట్జ్ శబ్దాలను లోపలికి పంపేటప్పుడే పెంచి పంపుతుంది. ఈ అంకె గుర్తుంచుకోండి. దీనితో మనకు మళ్లీ పని పడుతుంది.

గొట్టం చివర ఉన్నది అసలు సిసలు డప్పు. మనవాళ్లు దానికి కర్ణభేరి అని ఊరికే పేరు పెట్టలేదు. చొక్కా గుండీ అంత వెడల్పు, మిల్లీమీటరులో పదో వంతు మందం. వినగలిగినంత సన్నని శబ్దానికి అది కదిలే దూరం ఒక పరమాణువు వెడల్పు కూడా ఉండదు.

భేరి వెనక మూడు బుల్లి ఎముకలు గొలుసులా ఉంటాయి. బడి పుస్తకంలో చదివిన కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అవే. వీటి అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే చెరువులో మునిగి చూడండి. గట్టు మీద ఎంత గట్టిగా డప్పు కొట్టినా నీళ్లలోపల ఏదో దూరపు చప్పుడులాగే ఉంటుంది. గాలిలోంచి వచ్చిన శబ్ద శక్తిలో వెయ్యింట 999 పాళ్లు నీటిపై తగిలి వెనక్కి పోతాయి. మన లోపలి చెవి నిండా ఉన్నది నీరులాంటి ద్రవమే. అందులోకి శబ్దం దూరాలంటే ఉపాయం కావాలి. అరచేతి బలమంతా దబ్బనం మొనమీదికి వచ్చినట్టు, పెద్ద భేరి మీద పడిన బలమంతా పదిహేడో వంతు వైశాల్యం ఉన్న చివరి ఎముక పాదం మీదికి చేరుతుంది. ఎముకల మీటపని కూడా కలుపుకుంటే ఒత్తిడి ఇరవై రెట్లకు పైగా పెరుగుతుంది.

ఆ పాదం ఆనుకుని ఉన్నది నత్తగుల్లలా చుట్టుకున్న కర్ణావర్తం. చుట్ట విప్పి పరిస్తే 35 మిల్లీమీటర్లు. హార్మోనియం మెట్లలాగా ఇక్కడ ఒక్కో స్వరానికి ఒక్కో చోటు ఉంది. గడప దగ్గర కీచు స్వరాలు, లోపలి కొసన మంద్ర స్వరాలు. హంగరీలో టెలిఫోన్ పరిశోధనతో మొదలుపెట్టి ఈ సంగతి తేల్చిన గేయార్గ్ ఫాన్ బెకెషికి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ మెట్ల మీద వరసలు కట్టి నిలబడ్డవి రోమకణాలు. లోపలి వరసలో సుమారు 3,500, బయటి మూడు వరసల్లో సుమారు 12,000. కంటి తెర మీద వెలుగును పట్టే కణాలు పన్నెండు కోట్ల దాకా ఉంటాయి. చెవికి ఉన్నవి పదిహేను వేల చిల్లర. ఒక చెవికి పుట్టుకతో వచ్చిన ఆస్తి అంతే.

లోపలి వరస మెదడుకు కబురు చేస్తుంది. బయటి వరసల పని వింతగా ఉంటుంది. శబ్దం తగలగానే అవి సాగుతూ కుంచించుకుంటూ ఎగురుతాయి. ఆ ఎగురుడుతో సన్నని శబ్దాలకు బలం పోస్తాయి. వాటి చిందు ఎంత గట్టిదంటే చెవి తానే శబ్దం చేస్తుంది! లండన్‌లో డేవిడ్ కెంప్ 1978లో చెవి రంధ్రంలో చిన్న మైకు పెట్టి ఆ శబ్దాన్ని పట్టుకున్నాడు. ఇవాళ చాలా ఆసుపత్రుల్లో పుట్టిన బిడ్డకు వినికిడి ఉందో లేదో చూసేది ఈ శబ్దాన్ని వినే యంత్రంతోనే.

అంటే మన చెవిలోనే ఒక మిక్సర్ ఉంది. సన్నగా వచ్చినదాన్ని పెంచే గీత అక్కడే ఉంది. గట్టి శబ్దానికి ముందుగా దెబ్బతినేవి ఈ బయటి రోమకణాలే. లోపలి గీత కిందికి జారింది కనుక కళాకారుడు బయటి గీత పెంచమంటున్నాడు. మన వెతుకులాటలో సగం తీరింది.

చెవి చెప్పే దొంగలెక్క

మిగతా సగానికి లెక్కలు కావాలి. శబ్దాన్ని డెసిబెల్‌లో కొలుస్తాం. వినీ వినబడని చప్పుడు సున్నా. చెవి నొప్పి పుట్టే చప్పుడు 120 దగ్గర. ఈ రెండింటి శక్తికి తేడా లక్ష కోట్ల రెట్లు. అన్ని సున్నాలు రాయలేక పది రెట్లకు పది డెసిబెల్ అని పెట్టుకున్నారు. ఈ పద్ధతిలో శక్తి రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్ మాత్రమే.

ఒక డప్పు మోగుతోంది. పక్కన ఇంకోటి కలిసింది. శక్తి రెట్టింపు, డెసిబెల్ మూడే పెరిగింది. పది డప్పులయ్యాయి. శక్తి పదింతలు, డెసిబెల్ పది పెరిగింది. మరి వినేవాడికి ఎంత పెరిగినట్టుంది? పదింతలు కాదు, సుమారు రెండింతలు. చెవి పదింతల దెబ్బ తింటూ రెండింతలని చెబుతుంది. అప్పు పదివేలైతే రెండు వేలని రాసుకునే ఇంట్లో ఏమవుతుందో చెవిలోనూ అదే అవుతుంది.

చెవికి ఎంత శబ్దం ఎంతసేపు పరవాలేదు? అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ పెట్టిన కొలతను చాలామంది వాడతారు. 85 డెసిబెల్ అయితే రోజుకు 8 గంటలు. మూడు పెరిగిన కొద్దీ సమయం సగం. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి గంట, 97కి అరగంట, 100కి పావుగంట.

ఇప్పుడు మన కళాకారుడి పద్దు రాద్దాం. బరాత్‌లో అతని చెవి దగ్గర 100 అనుకుందాం. డీజే బండికి నాలుగడుగుల దూరంలో డప్పు కొట్టేవాడికి ఇది పెంచి చెప్పిన అంకె కాదు. ఒక రోజుకు చెల్లేది పావుగంట. అతను వాయించింది మూడు గంటలు. పన్నెండు రోజుల కోటా ఒక్క రాత్రి అయిపోయింది. తెల్లారి హెడ్‌ఫోన్లలో 94తో రెండు గంటలు. ఇంకో రెండు రోజుల కోటా. మొత్తం పద్నాలుగు రోజులది ఒక్క రోజులో. పెళ్లిళ్ల కాలంలో ఇలాంటి రోజులు వరసగా వస్తాయి.

ఆలస్యంగా వచ్చే కాపలావాడు

ప్రకృతి చెవికి కాపలా పెట్టకపోలేదు. చివరి ఎముకను పట్టుకుని ఒక కండరం ఉంటుంది. మన ఒంట్లో ఎముకలను కదిలించే కండరాల్లో అన్నిటికంటే చిన్నది ఇదే. పెద్ద శబ్దం రాగానే అది బిగుసుకుని ఎముకను కదలనివ్వదు. డప్పు మీద అరచెయ్యి ఆనిస్తే మోత తగ్గినట్టు లోపలికి పోయే శబ్దం తగ్గుతుంది.

కానీ ఈ కాపలావాడికి రెండు లోపాలున్నాయి. ఒకటి, ఆలస్యం. బిగుసుకోవడానికి సెకనులో పదో వంతు దాకా పట్టొచ్చు. రెండు, అతను ఆపేది ఎక్కువగా మంద్ర శబ్దాలనే. కీచు శబ్దాలు అతని పక్కనుంచే లోపలికి పోతాయి.

ఇక్కడ డప్పు సంగతి చెప్పుకోవాలి. ఆటకు ముందు డప్పును మంటకు కాగబెడతారు. వేడికి తోలులో తేమ పోయి బిగుస్తుంది, శబ్దం ఖంగున పలుకుతుంది. ఒక చేత సిర్ర, ఇంకో చేత సిటికెన పుల్ల. బిగిసిన తోలు మీద పుల్ల తగిలినప్పుడు శబ్దం శిఖరానికి చేరడానికి సెకనులో వెయ్యో వంతులు చాలు. కాపలావాడు కళ్లు తెరిచేసరికి తొలి దెబ్బ లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. తర్వాతి దరువులకు అతను కొంత బిగుసుకుని ఉన్నా, గంటల కొద్దీ మోగితే అలసిపోతాడు.

మృదంగం సంగతి వేరు. దాని నడిమి నల్లటి మందు వల్ల ఉపస్వరాలు ఒకదానికొకటి శ్రుతిలో కలుస్తాయని సి.వి.రామన్ 1920లోనే చూపించాడు. డప్పుకు ఆ మందు లేదు. దాని ఉపస్వరాలు శ్రుతిలో కలవవు. అందుకే ఏ పాటకైనా ఏ శ్రుతికైనా డప్పు తోడు పోతుంది, ఎంత గుంపులోనైనా దూసుకుపోయి ఆవలి వాడకు వినిపిస్తుంది. ఊరికి కబురు చెప్పడానికి పుట్టిన వాయిద్యం అది. ఆ గుణమే వాయించేవాడి చెవికి భారం.

గుయ్యిమనే రాత్రి

బరాత్ ముగిసి ఇంటికొచ్చి పడుకుంటే చెవులు గుయ్యిమంటాయి. ఇంట్లోవాళ్ల మాటలు దూదిలోంచి వచ్చినట్టుంటాయి. పొద్దున్నకో, ఎల్లుండికో సర్దుకుంటుంది. “ఏం గాలే, తగ్గింది” అనుకుంటాం.

రోమకణాలు అలిసి వాలిపోయి మళ్లీ లేచి నిలబడ్డమాట నిజమే. కానీ అమెరికాలో షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ 2009లో ఎలుకల మీద చేసిన పరిశోధన ఒక చేదు నిజం చెప్పింది. ఎలుకలను రెండు గంటలు గట్టి శబ్దంలో ఉంచారు. కొద్ది రోజులకు వినికిడి పరీక్షలో అంతా మామూలే. రోమకణాలు ఒక్కటీ చెక్కుచెదరలేదు. కానీ వాటినీ నరాన్నీ కలిపే అతుకులు కొన్ని చోట్ల సగం దాకా తెగిపోయాయి, మళ్లీ అతకలేదు. స్పీకర్ బాగుంది, వైర్లు తెగాయి. మనుషుల్లో ఇది ఎంతవరకు జరుగుతుందో ఇంకా తేల్చుతున్నారు. అయితే, నిశ్శబ్దంలో అన్నీ వినపడుతూ గుంపులో మాట మాత్రం అర్థం కాని మనుషులకు ఇది ఒక కారణం కావచ్చని శాస్త్రజ్ఞుల అనుమానం.

ఇలాంటి రాత్రులు ఏళ్లకేళ్లు గడిస్తే రోమకణాలే చచ్చిపోతాయి. ముందుగా పోయేవి నాలుగు వేల హెర్ట్జ్ చుట్టుపక్కలవి. ఇందాక గుర్తుంచుకోమన్న అంకెతో పని ఇక్కడే. చెవి గొట్టం ఏ శబ్దాలను పెంచి పంపుతుందో, ఆ శబ్దాల చోటుకు కొంచెం పైమెట్ల దగ్గరే దెబ్బ తగులుతుంది. వినికిడి పరీక్ష కాగితం మీద గీత సాఫీగా వచ్చి నాలుగు వేల దగ్గర గుంటలో పడి లేస్తుంది. ఆ గుంట చూసి, ఈ మనిషి మోతలో బతికాడని డాక్టర్ చెప్పగలడు.

నాలుగు వేల దగ్గర ఏముంటుంది? పాట శ్రుతి ఉండదు, అది ఇంకా కిందే ఉంటుంది. అక్కడుండేవి స, శ, ష లాంటి హల్లుల గాలి చప్పుళ్లు, తాళం చిప్పల మెరుపు, డప్పు మీద సిటికెన పుల్ల ‘చిట్’మనే మొన. అచ్చులు కింద ఉంటాయి కాబట్టి వినపడుతూనే ఉంటాయి. అందుకే చెవి దెబ్బతిన్నవాళ్లు మొదట అనేది “ఇనబడ్తలేదు” అని కాదు. “ఇనబడ్తుంది గానీ ఏమన్నవో తెలుస్తలేదు” అంటారు. చాలు అన్నారో పాలు అన్నారో తేల్చుకోలేరు. ఎదుటివాళ్లు గొంతు పెంచితే అచ్చులే పెరుగుతాయి, హల్లులు రావు. “అరుస్తవేంది?” అని తగాదా మొదలవుతుంది.

గుయ్యిమనే హోరు కొందరిలో తగ్గకుండా ఉండిపోతుంది. బయట ఏ శబ్దమూ లేకున్నా అది మోగుతుంది. చెవి నుంచి రావలసిన కబుర్లు తగ్గేసరికి మెదడు తన గీత తానే పెంచుకుని ఆ లోటు నింపే ప్రయత్నమే ఈ హోరు అని ఒక వివరణ. పగలు గోలలో మరుపున పడుతుంది, రాత్రి నిద్ర పట్టనివ్వదు.

ఇప్పుడు అధ్యాయం పేరు దగ్గరికి వద్దాం. డప్పు తోలు చిరిగితే కొత్త తోలు వేసుకోవచ్చు. చెవిలోనూ అంతే. కర్ణభేరికి చిల్లు పడితే చాలాసార్లు దానంతట అదే పూడుతుంది, లేకుంటే డాక్టర్లు కండరం మీది పొర తీసి అతుకు వేస్తారు. పోతే రానివి లోపలి రోమకణాలు. కోడికి వస్తాయి! కోళ్లు, కంజు పిట్టల చెవుల్లో చచ్చిన రోమకణాల చోట కొత్తవి మొలుస్తాయని 1980ల చివర్లో కనిపెట్టారు. ఆ విద్య మన చెవికి లేదు. నేర్పించే మందు కోసం ప్రయోగశాలల్లో ప్రయత్నాలు జరుగుతున్నాయి, చేతికి మాత్రం ఇంకా రాలేదు.

హెడ్‌ఫోన్ల లోపల

స్టేజీ మీద మోత కనపడుతుంది. రికార్డింగ్ గది నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి అక్కడ ప్రమాదం లేదనుకుంటాం. కానీ ఆ నిశ్శబ్దమంతా గదిలోనే, హెడ్‌ఫోన్లలో కాదు.

భారతదేశంలో వాణిజ్య రికార్డింగులు మొదలైన 1902లో మైకు లేదు. పాడేవాళ్లు పెద్ద బూరలోకి గొంతెత్తి పాడాలి, ఆ ఒత్తిడికే సూది కదిలి మైనం మీద గీత పడాలి. 1925 తర్వాత కరెంటు మైకు వచ్చాక అరవాల్సిన పని తప్పింది. సన్నని గొంతుకూ సన్నని వాయిద్యానికీ చోటు దొరికింది. పాలమూరు నేల మీది పన్నెండు మెట్ల కిన్నెరనే చూడండి. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, తీగలు. నలుగురు కూర్చున్న అరుగు మీద వినదగిన వాయిద్యం అది. దర్శనం మొగిలయ్య చేతిలోని ఆ కిన్నెర 2021లో ‘భీమ్లా నాయక్’ పాట ద్వారా లక్షల మందికి చేరింది, మరుసటి ఏడు ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సన్నని శబ్దాన్ని దూరానికి చేర్చడం మైకు చేసిన మేలు. ఆ మైకు వెనక ఉన్న పెద్ద స్పీకర్ మళ్లీ అందరినీ అరిపించింది.

డప్పు రికార్డింగ్‌లో ఏం జరుగుతుందో చూడండి. తాళం తప్పకుండా హెడ్‌ఫోన్లలో ‘టిక్ టిక్’మని క్లిక్ వేస్తారు. అతని చేతిలోని డప్పు అతని చెవికి మూరెడు దూరంలో మోగుతుంది. ఆ మోతను దాటి క్లిక్ వినపడాలంటే దాన్ని ఇంకా పెంచాలి. క్లిక్ పెరిగితే చెవి డస్సిపోతుంది, డస్సిన చెవికి క్లిక్ మళ్లీ తగ్గినట్టుంటుంది. సాయంత్రానికి నాలుగు గీతలు పైకి. అందులోనూ క్లిక్ తరచుగా కీచు వైపు ఉండే కరుకు శబ్దం. చెవికి ఎక్కడ నొప్పో అక్కడే తగులుతుంది.

గాయకుల కష్టం ఇంకోటి. చుట్టూ మోత ఉంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. 1911లో ఫ్రెంచి డాక్టర్ ఎట్యెన్ లొంబార్ గుర్తించిన గుణం ఇది. స్టేజీ మీద తమ గొంతు తమకు వినపడని గాయనీ గాయకులు గంటల తరబడి అరిచి పాడతారు. తెల్లారి రికార్డింగ్‌లో గొంతు బొంగురు, చెవి మొద్దు. ఒకే రాత్రి రెండు పనిముట్లు అరిగాయి.

గుట్ట దాటి చూస్తే

ఈ బాధ డప్పుకూ డీజేకూ మాత్రమే సంబంధించినది కాదు. జర్మనీలో డెబ్బై లక్షల మంది ఆరోగ్య బీమా లెక్కలు తిరగేసి 2014లో ఒక అధ్యయనం వెలువరించారు. మామూలు జనంతో పోలిస్తే వృత్తి సంగీతకారుల్లో శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం మూడున్నర రెట్లకు పైగా ఉందని, చెవి హోరు 57 శాతం ఎక్కువని తేలింది. లండన్‌లో ఒక సంప్రదాయ ఆర్కెస్ట్రాలో వయోలా వాయించిన క్రిస్ గోల్డ్‌షైడర్ చెవి 2012లో రిహార్సల్ వేళ వెనకనున్న ఇత్తడి బూరల మోతకు దెబ్బతింది. 2018లో కోర్టు ఆయన వైపు తీర్పు చెప్పింది. ఏసీ/డీసీ రాక్ బృందం గాయకుడు బ్రయాన్ జాన్సన్ 2016లో చెవి పూర్తిగా పోతుందన్న డాక్టర్ల మాట విని పర్యటన ఆపేశాడు. హిందీ గాయని అల్కా యాగ్నిక్ 2024 జూన్‌లో తనకు ఒక్కసారిగా వినికిడి తగ్గిందని, వైరస్ వల్ల అని డాక్టర్లు చెప్పారని ప్రకటించారు. కారణం వేరైనా, గట్టి సంగీతంతో, హెడ్‌ఫోన్లతో జాగ్రత్తగా ఉండమని ఆ ప్రకటనలోనే అభిమానులను కోరారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో కచేరీ వేదికలకు ఒక ప్రమాణం ప్రకటించింది. ఏ పావుగంట తీసుకున్నా సగటున 100 డెసిబెల్ దాటకూడదు, జనానికి చెవి బిరడాలు ఇవ్వాలి, కాసేపు విశ్రాంతి తీసుకునే నిశ్శబ్దపు చోటుండాలి.

ఎవరి చెవికి ఎవరు జవాబుదారీ

మన దేశంలో చట్టం లేక కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్ హద్దు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. 2005లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మత ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు.

ఇవన్నీ వినేవాళ్ల కోసం, పక్కింటివాళ్ల కోసం. వాయించేవాడి కోసమో? ఉద్యోగుల నష్టపరిహారానికి చట్టం పెట్టిన వృత్తి రోగాల పట్టికలో శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం పేరు ఉంది. కానీ ఆ చట్టం పనిచేయాలంటే ఒక యజమాని ఉండాలి. డప్పు కళాకారుడికి యజమాని ఎవరు? ఇవాళ ఒక పెళ్లివారు, రేపు ఇంకొకరు, ఎల్లుండి ఒక చావిల్లు. ఫ్యాక్టరీలో మరమగ్గం పక్కన నిలబడితే కార్మికుడని లెక్కిస్తాం, డీజే బండి పక్కన నిలబడితే కళాకారుడని చప్పట్లు కొడతాం. రోమకణాలకు ఈ తేడా తెలియదు. తరతరాలుగా ఊరి చావుకూ పెళ్లికీ మోగిన చేతులవాళ్లకు పెద్ద వయసులో చెవుడొస్తే అది ముసలితనం అని సరిపెట్టాం. అందులో ఎంత ముసలితనమో ఎంత వృత్తో ఎవరూ లెక్క తీయలేదు.

చేతిలో ఉన్న ఉపాయాలు

మోత మానేయమంటే బతుకు మానేయమనడమే. లెక్క మార్చుకుంటే చాలు.

మొదటిది దూరం. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం ఆరు డెసిబెల్ తగ్గుతుంది. స్పీకర్‌కు మీటరు దూరంలో 100 ఉంటే నాలుగు మీటర్ల దగ్గర 88. పావుగంట కోటా నాలుగు గంటలైంది, పైసా ఖర్చు లేదు. డీజే బండి ముందు కాకుండా పక్కకు, వెనక్కు నిలబడినా లాభమే. ఇరుకు సందులో మాత్రం గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి, ఈ లెక్క అంతగా పారదు.

రెండోది బిరడా. మందుల షాపులో దొరికే ఫోమ్ బిరడాలు కీచు శబ్దాలను ఎక్కువగా మింగి పాటను మూటగట్టినట్టు చేస్తాయి, అందుకే కళాకారులు తీసి పారేస్తారు. అన్ని స్వరాలనూ సమంగా తగ్గించే బిరడాలను 1980ల చివర్లో అమెరికన్ ఇంజనీర్ మీడ్ కిలియన్ తయారుచేశాడు. పదిహేను డెసిబెల్ తగ్గించేది పెట్టుకుంటే 100 కాస్తా 85 అవుతుంది. మూడు గంటల బరాత్ ఎనిమిది గంటల కోటాలో ఇమిడిపోతుంది. అవి దొరకని చోట ఫోమ్ బిరడా కూడా ఏమీ లేనిదానికంటే వెయ్యి రెట్లు మేలు. దూది మాత్రం కాపాడదు.

మూడోది రికార్డింగ్ అలవాటు. చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు అడగండి, బయటి మోత లోపలికి రాకపోతే క్లిక్ పెంచక్కర్లేదు. ఒక చెవిది పక్కకు జరిపి వాయించకండి, రెండో చెవి మీద భారం పెరుగుతుంది. పని మొదట్లో గీత ఎక్కడుందో కాగితం మీద రాసుకోండి. సాయంత్రానికి అది పైకి పాకితే పాట ఆపి పావుగంట బయట కూర్చోండి.

నాలుగోది విరామం. రాత్రి బరాత్ ఉంటే తెల్లారి రికార్డింగ్ పెట్టుకోవద్దు. డస్సిన చెవితో చేసిన మిక్సింగ్‌లో కీచు ఎక్కువవుతుందని సౌండ్ పనిచేసేవాళ్లకు తెలుసు. చెవికీ మేలు, పాటకూ మేలు.

ఐదోది పరీక్ష. ఏడాదికోసారి వినికిడి పరీక్ష చేయించుకుంటే నాలుగు వేల దగ్గరి గుంట మాటలు తప్పిపోకముందే కనపడుతుంది. గుట్ట నుంచి హైదరాబాద్ పోయే తోవలోనే బీబీనగర్ ఎయిమ్స్ ఉంది, నగరంలో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే మాత్రం “చూద్దాం” అనకండి. అది అత్యవసరం. రెండు మూడు రోజుల్లోపు డాక్టర్ దగ్గరికి పోతే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ.

ఇక ఈ పుస్తకం చదివే మీరు పాడేవాళ్లో వాయించేవాళ్లో కాకపోవచ్చు, పెళ్లి చేసేవాళ్లే కావచ్చు. మేళం మాట్లాడుకునేటప్పుడు రేటుతో పాటు మూడు మాటలు కలపండి. గంటకోసారి వాళ్లకు విరామం ఇస్తామని, డీజే బండికి వాళ్లను ఆనించి నిలబెట్టబోమని, తలా ఒక జత బిరడాలు మేమే కొంటామని. మంచి బిరడాల జత ఖరీదు బరాత్‌లో ఒక నిమిషంలో కాల్చేసే పటాకుల కంటే ఎక్కువేం కాదు. ఏటా మార్చి 3 ప్రపంచ వినికిడి దినం. గుట్ట మీద ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాలు కూడా ఆ రోజులకు అటూ ఇటూగానే వస్తాయి. ఆ పండగకు ముందు మీ ఊరి డప్పు కళాకారులను ఒక బండెక్కించి వినికిడి పరీక్షకు తీసుకుపోండి.